ఆటలో తొడిగిన బూట్లకు అద్దాల పెట్టె కట్టడం ఎలా

మా అక్క వెయిట్‌లిఫ్టింగ్ బూట్లకు నేను మొదట కట్టిన పెట్టె రెండేళ్ళే నిలిచింది. 2016లో ప్లైవుడ్ పలకకు జిగురు రాసి, బూట్లు అతికించి, ముందు అద్దం బిగించి ఇచ్చాను. అక్క అత్తవారిల్లు పలాస దగ్గర. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఆ చుట్టుపక్కలే తీరం దాటింది. రోజుల తరబడి కరెంటు లేదు, గోడలు నీళ్ళు పీల్చుకున్నాయి. దీపావళికి వెళ్ళి చూస్తే అద్దం లోపలివైపు చెమ్మ చుక్కలు కట్టి ఉంది, తోలు మీద తెల్లగా బూజు పట్టింది. బయటికి తీద్దామని కుడి బూటు పట్టుకుని లాగాను. అడుగు రబ్బరులో అరచేయంత ముక్క పలకకే ఉండిపోయింది. ఆ రబ్బరు మీది గీతలు ఇప్పటికీ ఆ పలక మీద కనిపిస్తాయి. పలకను దాచి ఉంచాను. బూట్లకు పెట్టె కట్టిపెట్టమని ఎవరు వచ్చినా ముందు దాన్నే చూపిస్తాను.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇలాంటి బూట్లు చాలా ఇళ్ళలో అటకల మీద ఉన్నాయి. ఆమదాలవలస పక్కన ఊసవానిపేట నుంచి వెళ్ళిన కరణం మల్లీశ్వరి 2000 సెప్టెంబరు 19న సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచారు. మన దేశం నుంచి ఒలింపిక్ పతకం అందుకున్న తొలి మహిళ ఆమె. ఆ తర్వాత బార్‌బెల్ పట్టుకున్న ఆడపిల్లల్లో మా అక్క ఒకరు. విజయనగరం జిల్లా కొండవెలగాడలోనైతే బరువులెత్తడం ఊరి ఆటే. పతకాలకు, ప్రశంసాపత్రాలకు పటాలు కట్టిస్తాం. కానీ ఆ పిల్ల బరువునూ, ఆమె ఎత్తిన బరువునూ కలిపి మోసినవి బూట్లు. వాటిని దాచుకోవడం కూడా తెలియాలి.

పని మొదలుపెట్టే ముందు ఒక్క మాట గట్టిగా పట్టుకోండి. పెట్టెలో పెట్టిన బూటును ఎప్పుడు కావాలన్నా చెక్కు చెదరకుండా బయటికి తీయగలగాలి. జిగురు వద్దు, మేకు వద్దు, అడుగుకు రంధ్రం అసలే వద్దు. కింద చెప్పేదంతా ఈ మాట నిలబెట్టుకోవడానికే.

ముందు బూటును చదవండి

కడగడానికి తొందరపడకండి. పగటి వెలుగులో తెల్ల గుడ్డ మీద పెట్టి నాలుగు వైపుల నుంచీ, అడుగు వైపు నుంచీ ఫోటోలు తీసుకోండి. తర్వాత తీరిగ్గా చూడండి.

అక్క కుడి బూటు బొటనవేలి దగ్గర రబ్బరు బాగా అరిగి, కింది పొర కనిపిస్తుంది. ఎడమ బూటుకు ఆ అరుగుదల లేదు. జెర్క్‌లో బరువును తలపైకి నెట్టే క్షణంలో కాళ్ళు ముందుకూ వెనక్కూ విడిపోతాయి. వెనక్కు వెళ్ళిన కాలు మునివేళ్ళ మీద ఆగుతుంది. అక్కకు అది కుడికాలు. ఏళ్ళ తరబడి రోజూ అదే చోట ఆగిన కాలు ఆ గుర్తు వేసింది. లేసుల ముడతల్లో తెల్లని పొడి ఇరుక్కుని ఉంది. చేతులు జారకుండా రాసుకునే మెగ్నీషియం కార్బొనేట్ అది. ఈ రెండూ మురికి కాదు. వీటిని తుడిచేస్తే మీ దగ్గర మిగిలేది పాత బూట్ల జత మాత్రమే.

అందుకని ఏది ఉంచాలో, ఏది తీయాలో ముందే ఒక కాగితం మీద రాసుకోండి. ఆఖరి మ్యాచ్ నాటి మైదానం మట్టి పొడిగా అంటుకుని ఉంటే ఉంచవచ్చు. చెమట మరకలు, ఇంట్లో పట్టిన దుమ్ము, సాలెగూళ్ళు, బూజు మాత్రం పోవాలి. బూజు పక్కనున్న బూటుకు, పెట్టెకు, గోడకు కూడా పాకుతుంది. చెమటలోని ఉప్పు గాలిలోని తేమను లాగుతుంది.

శుభ్రం చేయడం

మెత్తని కుంచె, పాత నూలు గుడ్డ, ముక్కుకు మాస్కు చాలు. బూజు ఉంటే ఎండ కాసే పొడి రోజున ఆరుబయట, గాలి మీకు వెనక నుంచి వీచేలా నిలబడి కుంచెతో దులపండి. పని నీడలోనే చేయాలి. బూట్లను నేరుగా ఎండలో పెడితే తోలు బిగుసుకుని పగులుతుంది, జిగురు అతుకులు విడిపోతాయి. దులిపాక గుడ్డను నీటిలో ముంచి గట్టిగా పిండి, లోపలి వైపు ఒకసారి తుడవండి. లోపలి అట్ట ఊడివచ్చేదైతే తీసి విడిగా ఆరబెట్టండి. ఫ్యాను కింద మూడు రోజులు ఉంచండి. జుట్టు ఆరబెట్టే యంత్రం జోలికి పోవద్దు.

తోలుకు పాలిష్ వేయాలని చేతులు ఉబలాటపడతాయి. వద్దు. మూసిన పెట్టెలో ఆ నూనెలు, మైనాలు దుమ్మును పట్టి, బూజుకు తిండి అవుతాయి. బూటు మీద ఆటగాడి సంతకం ఉంటే ఆ చోట తడి గుడ్డ కూడా తాకనివ్వకండి. పైన వార్నిష్ లాంటిదేదీ పూయకండి. సిరా పాకిపోతే తిరిగి రాదు.

పరుగు పందెం బూట్లకైతే అడుగున మరలతో బిగించే చిన్న మేకులు ఉంటాయి. వాటిని చిన్న పానాతో తీసి, తుప్పు దులిపి, చోటు మారకుండా ఒక్కొక్కటి కాగితం మీద వరుసగా అమర్చి, మళ్ళీ బిగించండి. కదలనివి ఉంటే బలవంతం చేయకండి.

ఇక అడుగు సంగతి. పల్చని రబ్బరు, చెక్క మడమ ఉన్న పాత లిఫ్టింగ్ బూట్లు గట్టివి. నడకకు, పరుగుకు వాడే కొన్ని బూట్లలో మధ్యపొర పాలీయురెథేన్ నురగది. గాలిలోని తేమ దాన్ని లోపలి నుంచి విడగొడుతుంది. బూటు వాడకుండా దాచినా అది ఆగదు. పదేళ్ళు దాటిన జత పైకి కొత్తదానిలా ఉండి, పట్టుకోగానే పాత రస్కులా పొడి కావడం మీరు చూసే ఉంటారు. బొటనవేలి గోరుతో మెల్లగా నొక్కి చూడండి. జిగటగా తగిలినా, గుంట అలాగే ఉండిపోయినా ఆ బూటును అడుగు మీద నిలబెట్టకూడదు. పక్కకు పడుకోబెట్టి, మెత్తని ఆధారం మీద చూపించాలి. ఇలాంటి జత ఉన్న పెట్టెను గాలి చొరకుండా మూసేయకూడదు కూడా. విడిపోతున్న నురగ నుంచి వచ్చే ఆవిర్లు లోపలే నిలిచి చెరుపును ఇంకా పెంచుతాయి.

లోపల కాలు నింపడం

ఖాళీ బూటు మెల్లగా కుంగిపోతుంది. మీగాలి దగ్గర మడత పడి, ఆ మడతే పగులు అవుతుంది. చాలామంది వార్తాపత్రికలు కుక్కుతారు. వాటిలోని ఆమ్లం కాగితాన్ని పచ్చబరిచినట్టే గుడ్డనూ పచ్చబరుస్తుంది, సిరా కూడా అంటుతుంది. ఆమ్లం లేని టిష్యూ కాగితం పెద్ద ఊళ్ళలో దొరుకుతుంది. అది అందకపోతే గంజి పెట్టని పాత తెల్ల నూలు గుడ్డ చాలు. రెండు మూడు సార్లు వేడినీళ్ళలో ఉతికి, పూర్తిగా ఆరాక వాడండి. గంజి మిగిలితే బొద్దింకలు, కాగితాలు కొట్టే పురుగులు వాసన పట్టి వస్తాయి.

గుడ్డను వేలి లావు చుట్టలుగా చుట్టి ముందు వేళ్ళ భాగం, తర్వాత మీగాలు, చివర మడమ నింపండి. కాలు ఉన్నప్పుడు బూటు ఎంత ఉబ్బేదో అంతే ఉబ్బాలి. అతుకులు సాగేదాకా కుక్కకండి. లేసులను ఆ మనిషి ఎలా కట్టేదో అలాగే కట్టండి. అక్క లేసు చివరలను పట్టీ కిందికి దోపేది, నేను అలాగే దోపాను. పెట్టె చూడగానే అక్క పిల్లలు మొదట గుర్తుపట్టింది దాన్నే.

పెట్టె

ఒక జతకు లోపలి కొలతలు 45 సెంటీమీటర్ల వెడల్పు, 35 ఎత్తు, 18 లోతు సరిపోతాయి. పటాలు కట్టే దుకాణంలో ఇంత లోతు ఫ్రేము సాధారణంగా ఉండదు. వడ్రంగి చేత 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో పెట్టె చేయించి, ముందు బీడింగు మాత్రం పటాల దుకాణంలో ఎంచుకోండి. ముందు పలకను మేకులతో కాకుండా మరలతో బిగించమనండి. ఏడాదికి రెండుసార్లు తెరవాల్సింది అది.

కొత్త ప్లైవుడ్, దాని జిగురు చాలాకాలం ఘాటైన ఆవిర్లు వదులుతాయి. అద్దం చుట్టూ పూసే సిలికాన్‌లో పుల్లని వెనిగర్ వాసన వచ్చే రకం కూడా అంతే, ఆరేటప్పుడు ఆమ్లం వదులుతుంది. ఆ వాసన లేని రకం ఉంటుంది, దుకాణంలో అడిగి తీసుకోండి. పెట్టె పూర్తయ్యాక లోపలంతా అల్యూమినియం టేపు అతికించి, మూత లేకుండా మూడు నాలుగు వారాలు గాలికి వదిలేయండి. తల లోపల పెట్టి వాసన చూస్తే ముక్కుకు ఏమీ తెలియకూడదు. ఈ నెల రోజులు ఆగలేక చాలామంది పని పాడుచేసుకుంటారు.

ముందుభాగానికి గాజు కావాలా, ఆక్రిలిక్ కావాలా? ఈ కొలతకు 4 మిల్లీమీటర్ల గాజు కిలోన్నర దాటుతుంది, 3 మిల్లీమీటర్ల ఆక్రిలిక్ అర కిలోకు కాస్త ఎక్కువ. తుపాను గాలికి తలుపులు కొట్టుకునే ఇళ్ళలో నేను ఆక్రిలిక్కే పెడతాను. అతినీలలోహిత కిరణాలను ఆపే రకం దొరికితే ఇంకా మంచిది, సంతకం ఉన్న బూట్లకైతే తప్పనిసరి. ఆక్రిలిక్‌ను మెత్తని తడిగుడ్డతోనే తుడవాలి. అద్దాలు తుడిచే అమోనియా ద్రావణాలు దాన్ని మసకబరుస్తాయి.

వెనక గుడ్డకు నా మనసంతా పొందూరు ఖాదీ మీదే. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి, చేత్తో వడికి నేసే ఆ బట్ట మన శ్రీకాకుళం జిల్లా సొంతం. రంగు వేయనిది, ముడి తెలుపుది తీసుకోండి. రంగు బట్ట తేమకు రంగు వదులుతుంది. బాగా ఉతికి, ఆరబెట్టి, ఆమ్లం లేని అట్ట మీద పరిచి, అంచులు వెనక్కి మడిచి దారంతో అటూ ఇటూ లాగి కుట్టండి. ఇక్కడ కూడా జిగురు వద్దు. నల్లని బూటు ఆ ముడి తెలుపు మీద ఎంత నిండుగా నిలబడుతుందో చూశాక వెల్వెట్ అడగరు.

బూటును నిలబెట్టడం

పెట్టె అడుగున ముందుకు వాలిన ఒక బల్ల అమర్చండి. వెనక ఎత్తు 10 సెంటీమీటర్లు, ముందు 3 ఉంటే చాలు. దాని కింద ఏర్పడే ఖాళీలో తేమ పీల్చే పదార్థం దాచవచ్చు. అందుకని బల్లకు వెనక అంచున వరుసగా రంధ్రాలు వేయించండి. బూటు జారకుండా ముందు అంచున వేలి ఎత్తు ఆక్రిలిక్ పట్టీ ఒకటి నిలబెట్టండి. బూటు బరువంతా ఈ బల్ల, ఈ పట్టీయే మోయాలి. దారం పని పడిపోకుండా ఆపడం వరకే.

దారానికి చేపల గాలానికి కట్టే పారదర్శక నైలాన్ తీగ వాడండి. బూటు నడుము దగ్గర, అంటే అడుగు సన్నబడే చోట, రెండు పక్కలా బల్లకు చిన్న రంధ్రాలు వేయండి. తీగను ఒక రంధ్రంలోంచి పైకి తీసి, బూటు పట్టీ కిందుగా, నాలుక మీదుగా నడిపి, రెండో రంధ్రంలోంచి కిందికి దింపండి. పట్టీ లేని బూట్లలో లేసుల కిందుగా నడపండి. తీగ ఆనే చోట సన్నని నూలు టేపు ముక్క వేయడం మరవకండి, లేకపోతే ఏడాదికల్లా తోలులో గాడి పడుతుంది. కింద ముడి వేసేటప్పుడు తీగకూ బూటుకూ మధ్య ఒక పోస్టుకార్డు దూరాలి. నైలాన్ ముడి జారుతుంది కాబట్టి మూడు చుట్లు తిప్పి బిగించండి.

రెండు బూట్లనూ ఒకేలా పక్కపక్కన పెడితే దుకాణంలో అమ్మకానికి పెట్టినట్టు ఉంటుంది. ఒకదాన్ని పక్కవైపు కనిపించేలా నిలబెట్టి, అరుగుదల ఉన్న రెండోదాన్ని అడుగు కనిపించేలా వెనక్కి వాల్చండి. ఇందుకు ఎల్ ఆకారంలో వంచిన ఆక్రిలిక్ ముక్క కావాలి. బోర్డులు రాసే దుకాణాల్లో వేడి చేసి వంచి ఇస్తారు. మడమ ఆ ముక్క అంచు మీద కూర్చుంటుంది, పైభాగం వెనక నూలు గుడ్డ దిండుకు ఆనుతుంది. అక్క కుడి బూటు అలాగే ఉంది. బొటనవేలి దగ్గర అరిగిన ఆ చోటు మీదే చూసేవాళ్ళ కన్ను పడుతుంది.

పతకాన్ని కూడా అదే పెట్టెలో పెట్టమని అందరూ అడుగుతారు. నేను ఒప్పుకోను. రబ్బరును గట్టిపరచడానికి గంధకం కలుపుతారు. మూసిన పెట్టెలో ఆ గంధకపు ఆవిరి వెండినీ, ఇత్తడినీ నల్లబరుస్తుంది. పతకానికి వేరే పటం కట్టి పక్కన తగిలించండి. పేరు పలకకు బుడితి ఊరి ఇత్తడి పని చేయించుకుంటే ఎంతో అందంగా ఉంటుంది, కానీ అది ఫ్రేము బయట ఉండాలి. ఫోటో, ప్రశంసాపత్రం పెట్టాలనుకుంటే నకలే పెట్టండి, అసలుది కాదు.

తేమ

మన తీరానికి ఇదే అసలు పని. బూజుకు 65 శాతం దాటిన తేమ చాలు. అలాగని మరీ ఎండగడితే తోలు పగులుతుంది. 45 నుంచి 55 శాతం మధ్య ఉండేలా చూడండి. తేమ కొలిచే చిన్న మీటరును పెట్టెలో ఒక మూల, బయటికి అంకె కనిపించేలా పెట్టండి.

పెట్టె మూసే రోజున లోపల ఏ గాలి ఉంటుందో దాన్నే మీరు బంధిస్తున్నారు. కాబట్టి ఆషాఢ శ్రావణాల్లో మూయకండి, అక్టోబరు తుపాన్ల కాలంలో అసలే వద్దు. సంక్రాంతి దాటాక, మంచు విడిపోయి ఎండ బాగా కాసే మధ్యాహ్నం మూయండి. నేను పనులన్నీ ఆ రోజులకే పెట్టుకుంటాను.

తేమ పీల్చడానికి సిలికా జెల్ వాడండి, కొత్త బూట్ల అట్టపెట్టెలో వచ్చే చిన్న పొట్లం సరిపోదు. పైన చెప్పిన కొలత పెట్టెకు అర కిలో కావాలి. నారింజ రంగు నుంచి ఆకుపచ్చగా మారే రకం తీసుకోండి. నీలం నుంచి గులాబీకి మారే రకంలో కోబాల్ట్ క్లోరైడ్ ఉంటుంది, అది ఒంటికి మంచిది కాదు. పల్చని నూలు సంచిలో పోసి వాలు బల్ల కింద పెట్టండి. రంగు మారాక 110 నుంచి 120 డిగ్రీల ఓవెన్‌లో రెండు గంటలు ఉంచితే మళ్ళీ పనికొస్తుంది. వంట గిన్నెల్లో మాత్రం వేడి చేయకండి.

బీరువాలో వేసినట్టు కలరా ఉండలు వేయకండి. వాటి ఆవిరి కొన్ని ప్లాస్టిక్‌లను మెత్తబరుస్తుంది, చల్లబడ్డాక గుడ్డ మీద పొడిగా పేరుకుంటుంది. వేపాకు కూడా వద్దు, ఆకులోని పచ్చిదనమంతా పెట్టెలోకే వస్తుంది.

ఎక్కడ తగిలించాలి

బూట్లతో కలిపి పెట్టె ఆరు కిలోల దాకా తూగుతుంది. ఒక్క మేకుకు వేలాడదీయకండి. 45 డిగ్రీల వాలుగా కోసిన రెండు చెక్క పట్టీల్లో ఒకటి గోడకు, ఒకటి పెట్టె వెనక బిగించి, ఒకదానిలో ఒకటి కూర్చోబెట్టండి. గోడలో ప్లగ్గులు దింపి కనీసం రెండు మరలు వేయండి. వానకు తడిసే బయటి గోడ కాకుండా రెండు గదుల మధ్య గోడను ఎంచుకోండి. పెట్టె వెనక కింది మూలల్లో సెంటీమీటరు మందం రబ్బరు బిళ్ళలు పెడితే వెనక గాలి ఆడుతుంది. పడమటి కిటికీ ఎదురుగా వద్దు, వంటింటి గోడకూ వద్దు.

ఇంకొకటి ఉంది, దాన్ని తేలిగ్గా తీసేయకండి. మన ఇళ్ళలో చెప్పులు గడప దాటి లోపలికి రావు. అక్క బూట్లు హాలులో తగిలిస్తానంటే అక్క అత్తగారు ముఖం చిన్నబుచ్చుకున్నారు. “దేవుడి పటాల వరసలో బూట్లేమిటి బాబూ?” అన్నారు. ఆమె బాధ నిజమైనది. నాయనమ్మ వచ్చినప్పుడు ఆ మాట చెప్పాను. “భరతుడు పాదుకలను ఎక్కడ పెట్టుకున్నాడో ఆవిడకు నేను చెప్తానులే” అంది. ఇద్దరూ ఒక పూట మాట్లాడుకున్నారు. చివరికి పూజగది కనిపించని గోడను అక్క అత్తగారే చూపించారు. నేలకు నాలుగున్నర అడుగుల ఎత్తున తగిలించాం. మీ ఇంట్లోనూ మేకు దించే ముందు పెద్దవాళ్ళను అడగండి, చోటును వాళ్ళనే చూపించమనండి.

చీటీ, తనిఖీ

పెట్టె వెనక ఒక కవరు అతికించి, పెన్సిలుతో రాసిన చీటీ పెట్టండి. ఎవరి బూట్లు, ఏ పోటీలో తొడిగారు, ఏ ఏడాది, ఎంత బరువు ఎత్తారు, ఏ చోట ఏ గుర్తు ఎందుకు ఉంది, మీరు ఏది శుభ్రం చేశారు, ఏది వదిలేశారు. సిరా పాకుతుంది, పెన్సిలు నిలుస్తుంది. మొదట్లో తీసిన ఫోటోల నకళ్ళు కూడా అందులోనే ఉంచండి.

ఏడాదికి రెండుసార్లు, మే నెలలో వానలకు ముందు ఒకసారి, డిసెంబరులో తుపాన్లు పోయాక ఒకసారి తెరిచి చూడండి. సిలికా జెల్ రంగు, మీటరులో అంకె, తీగ బిగువు, అడుగు రబ్బరు మెత్తదనం, గుడ్డ మీద మరకలు. చూసింది చూసినట్టు తేదీతో అదే చీటీ మీద రాయండి. అక్క పెట్టె చీటీలో కిందటి డిసెంబరు వరస ఇలా ఉంది: తేమ 53, జెల్ సగం ఆకుపచ్చన, మార్చాను. బూజు లేదు. కుడి తీగ కాస్త వదులు, మళ్ళీ ముడి వేశాను. లేసులో తెల్ల పొడి అలాగే ఉంది.